మోటారు సైకిళ్ళ ఓర్పు పందెములు



ఉగాదికో, శివరాత్రికో, ఊరి తిరునాళ్ళకో జరుగు బండలాగుడు పందెమును చూడనివారు మన రాయలసీమ పల్లెలలో నుండరు. ఆ పందెపు కట్టుబాటును ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఇరువది నిమిషములనియో పదునైదు నిమిషములనియో కాలమును ముందుగా నిర్ణయింతురు. ఆ కాలములో ఏ జత యెద్దులు బండను ఎంత దూరము లాగినవో అడుగులలో కొలుతురు. పరుగు పందెములో వలె చేరవలసిన గీత ఇందులో లేదు. కాలము కట్టువడి యుండును, దూరము మాత్రమే పెరుగును. తొలి పట్టులలోనే అదలించి ఉరికించినవాని ఎద్దులు నడిమి నిమిషములలో మోకాళ్ళమీద కూలబడుట మనమెన్ని మారులు చూడలేదు! ఎద్దు రొప్పు ఎప్పుడు పెరుగుచున్నదో, ఏ క్షణమున పగ్గము సడలింపవలయునో ఎరిగినవాడు మెల్లగా సాగి కడపట గెలుచును.

నేటి నా ప్రసంగము ఎద్దులను గూర్చినది కాదు, మోటారు సైకిళ్ళను గూర్చినది. ఆ యంత్రములతో జరుపు పందెములలో వేగమును మాత్రమే చూచునవి కొన్ని. మన బండలాగుడు వలె ఓర్పును చూచునవి మరికొన్ని. ఈ రెండవ తెగను గూర్చియే చెప్పదలచితిని. దీనికి 'దీర్ఘకాల ధావనస్పర్ధ' యని నా తోడి పండితుడొకడు పేరు పెట్టెను. ఆ పేరు పలుకుటకే కొంత ఓర్పు కావలయును గనుక నేను 'ఓర్పు పందెము' అనియే అందును. మోటారు సైకిలనగానే పెద్దలమైన మనకు మెడలు విరుగగొట్టు వేగమే తోచును. మన పిల్లలకును అదియే తోచుచున్నది. చిక్కంతయు అక్కడనే యున్నది.

నలోపాఖ్యానము మీకు తెలిసినదే. దమయంతి పునఃస్వయంవరమని చాటగా, ఋతుపర్ణ మహారాజు ఒక్క దినములో అయోధ్యనుండి విదర్భకు పోవలసివచ్చెను. బాహుకుడను పేర మారురూపముతో నున్న నలుడు సారథి. అశ్వశాలకు పోయి అతడేరి తెచ్చిన గుఱ్ఱములు చిక్కి శల్యములై యుండెను. రాజు కోపించెను: ఈ బక్క గుఱ్ఱములు ఇంత దూరము లాగగలవా? నలుడు వాని సుడులను, ముట్టెలను, లక్షణములను చూపి, దూరమునకు పనికివచ్చునవి ఇవియే యనెను. కొవ్విన గుఱ్ఱము చూపునకు సొంపు. దూరభూమికి కావలసినది వేరు. అశ్వహృదయమనగా గుఱ్ఱమును కొట్టి ఉరికించు విద్య కాదు, దానిలో ఎంత బలము మిగిలియున్నదో ఎరుగు విద్య. ఓర్పు పందెములో యంత్రముపై కూర్చున్నవానికి కావలసిన విద్యయు సరిగా నదియే.

ఈ పందెములు పుట్టిన విధము వినుడు. ఇరువదవ శతాబ్ది తొలి దినములలో ఇంగ్లండు దేశమున రాజమార్గములపై పందెములు జరుపుటకు చట్టము ఒప్పుకొనలేదు. గంటకు 20 మైళ్ళకు మించి పోరాదని 1903వ సంవత్సరపు శాసనము. కావున ఉత్సాహవంతులు సముద్రము దాటి, మాన్ ద్వీపమను చిన్న లంకకు పోయిరి. అక్కడి ప్రభుత్వము తన చట్టము తాను చేసికొనునది. పందెపు వేళ బాటను మూసివేయుటకు వారు సమ్మతించిరి. అట్లు 1907వ సంవత్సరము మే నెల 28వ తేదీన మోటారు సైకిళ్ళ 'టూరిస్టు ట్రోఫీ' పందెము మొదలయ్యెను.

ఆ తొలి పందెపు నియమమొకటి నాకు మిక్కిలి ముచ్చట గొలుపును. పోటీదారులందరికి పెట్రోలు కొలిచి ఇచ్చిరి. ఒకే సిలిండరు గల బండి గ్యాలనునకు 90 మైళ్ళు పోవలయును, అనగా మన లెక్కకు లీటరునకు సుమారు 32 కిలోమీటర్లు. రెండు సిలిండర్ల బండికి గ్యాలనునకు 75 మైళ్ళు. ఎంత వేగముగా పోయినను, ఇచ్చిన పెట్రోలు త్రోవలో తీరిపోయెనా, పందెము పోయినట్లే. అది మన చెరువు నీటి తూము లెక్క వంటిది! సుమారు 158 మైళ్ళు తిరిగి, ఒకే సిలిండరు బండ్లలో మొదటివాడుగా వచ్చిన చార్లీ కోలియరు సగటు వేగము గంటకు 38 మైళ్ళకు కొంచెము మించినది, అనగా సుమారు 61 కిలోమీటర్లు. నేడు పాలు పోయుటకు పోవు మన కుఱ్ఱవాడు అంతకంటె వేగముగా పోవుచున్నాడు. అయినను ఆ మట్టి బాటలలో, ఆనాటి రబ్బరు చక్రములతో, నాలుగు గంటలకు పైగా ఆ వేగమును నిలుపుట సామాన్యమా? కొందరి బండ్లకు సైకిలునకువలె తొక్కుడు పెడలు కూడ ఉండెను. ఎత్తు వచ్చినచోట యంత్రమునకు తోడుగా కాళ్ళతో తొక్కిరి. అది న్యాయము కాదని తగవు రాగా, మరుసటి సంవత్సరమున పెడళ్ళను నిషేధించిరి. పెట్రోలు కొలత నియమమును 1909లో తీసివైచిరి. నన్నడిగిన అది యుండవలసినదే.

అక్కడ 1911లో పెద్ద పందెమునందు మొదటి మూడు స్థానములను గెలిచిన బండ్ల పేరు 'ఇండియన్'. ఇది విని మన దేశపు బండి యని గర్వపడిన పిల్లలు నా తరగతిలో నుండిరి. అవి అమెరికా దేశపు బండ్లు. ఆ పేరు అక్కడి ఆదిమవాసులను గూర్చినది, మనలను గూర్చినది కాదు.

1913లో ఇంగ్లండు దేశపు కార్లైలు పట్టణమున ఆరు దినముల పరీక్ష యొకటి ఆరంభమయ్యెను. ఇది పందెమనుటకంటె పరీక్ష యనుటయే తగును. ఆరు దినములు వరుసగా కొండలు, వాగులు, బురద త్రోవలు దాటుచు, నిర్ణయించిన వేళలకు నిర్ణయించిన చోటులు చేరవలయును. బయలుదేరుటకు ముందు యంత్రపు ముఖ్యభాగములకు రంగుతో గుర్తులు వేయుదురు. కడపట ఆ గుర్తులు చెడకుండ కనబడవలయును, అనగా ఆ భాగములను మార్చి క్రొత్తవి వేసికొనరాదు. త్రోవలో ఏది చెడినను తొక్కువాడే తన చేతులతో బాగుచేసికొనవలయును. మెకానిక్కు ప్రక్కన నిలిచి నోటితో చెప్పవచ్చును గాని చేయి వేయరాదు. గురువు చెప్పినదానిని శిష్యుడు చేయుట వంటిది. ఈ నియమమే ఓర్పు పందెములను సొంత బండి సొంత చేతులతో నడుపుకొను సామాన్యుల పాలిటి పందెములుగా చేసినది.

తరువాతిది 1922వ సంవత్సరము. ఫ్రాన్సు దేశమున పారిసు నగరమునకు సమీపమున వోజూర్ అనుచోట, యూజీన్ మోవ్ అను నతడు 'బోల్ దోర్' అను పందెమును నెలకొల్పెను. ఆ మాటకు బంగారు గిన్నె యని అర్థము. చుట్టు అయిదు కిలోమీటర్లకు కొంచెము మించిన గతుకుల మట్టిబాట. ఇరువదినాలుగు గంటలు. బండికి ఒక్కడే మనుష్యుడు. నిదుర లేదు, మార్పు లేదు. టోనీ జిండ్ అను నతడు ఆ చుట్టును 243 మారులు తిరిగి సుమారు 1245 కిలోమీటర్లు పోయి గెలిచెను. అనంతపురమునుండి హైదరాబాదునకు పోయి, వచ్చి, మరల పోయినను అంత దూరము కాదు. 1953 వరకును ఒక్క మనుష్యుడే యను నియమము సాగెను. మరుసటి ఏటినుండి బండికి ఇద్దరు చొప్పున, ఒకరి తరువాత ఒకరు నడుపవచ్చుననిరి. గుస్తావ్ లెఫెవ్ర్ అను నతడు ఈ బంగారు గిన్నెను ఏడు పర్యాయములు గెలిచెను.

ఇట్టి దీర్ఘకాలమున బండి యెందువలన చెడును? దీనిని కొంచెము విడమరచి చెప్పవలసియున్నది, ఏలనగా ఇది మీ యింటి బండికిని చెల్లును. యంత్రములో పెట్రోలు మండి పుట్టు శక్తిలో కొంత భాగమే చక్రమునకు చేరును. మిగిలినదానిలో పెక్కుపాలు వేడియై పోవును. ఆ వేడిని సిలిండరు చుట్టును పక్కటెముకల వలె నుండు రెక్కలు గాలికి విడిచిపెట్టవలయును. ఎండ యెక్కువై, బండి మెల్లగా బరువు లాగునప్పుడు గాలి చాలదు. పిస్టను ఉబ్బి సిలిండరును కరచి పట్టుకొనును. ఇంజను సీజయినదని మెకానిక్కులు చెప్పునది ఇదియే. వెనుకటి జావా, రాజ్‌దూత్ వంటి రెండు స్ట్రోకుల బండ్లకు ఇంజనులో వేరుగా నూనె తొట్టి లేదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయవలయును. ఆ నూనె తగ్గిన పిస్టను పట్టుకొనును, హెచ్చిన ప్లగ్గునకు మసి పట్టి నిప్పురవ్వ పుట్టదు. పప్పులో ఉప్పు వంటిది ఆ పాళము. ఇక దుమ్ము. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసికొనిపోయిన ఇంజనుకు ఊపిరాడదు. అది చినిగిన, దుమ్ము లోపలికి పోయి ఆకురాయివలె పిస్టనును అరగదీయును. చైను సాగును. బోల్టులు అదురుటచేత వదులగును. ఇవన్నియు సరిగానున్నను, మనుష్యుని కన్ను మూతపడును. పదునాలుగవ గంటలో, ప్రాతఃకాలమునకు ముందు, కన్ను తెరచియుండగనే మనస్సు నిదురించుట యొకటి కలదట. రాత్రంతయు మోట తోలినవారికి దీనిని నేను వివరింపనక్కరలేదు.

మన దేశపు సంగతికి వత్తము. బుల్లెట్టు బండి ఇంగ్లండు దేశపుది. 1948లో ఇటలీ దేశపు శాన్ రెమో పట్టణమున జరిగిన ఆరు దినముల పరీక్షలో గెలిచిన బ్రిటిషు జట్టున ఈ బండ్లుండెను. 1955లో మదరాసునందు దీనిని కూర్చు కర్మాగారము నెలకొన్నది. తరువాత తిరువొత్తియూరులో తయారయిన ఆ బండ్లే మన పోలీసువారికిని, కొందరు మోతుబరులకును వచ్చినవి. జావా చెకోస్లొవేకియా దేశపు బండి. 1961నుండి మైసూరులో తయారయ్యెను, పిమ్మట యెజ్డీ యను పేరు దాల్చి, 1996లో ఆ కర్మాగారము మూతపడు వరకును సాగెను. చెక్ దేశపువారును ఆరు దినముల పరీక్షలో 1950 దశకమున పలుమారులు గెలిచిన ఘనులు. రాజ్‌దూత్ పోలండు దేశపు నమూనానుండి వచ్చినది. పాలవారి బండి యని దానిని కొందరు తేలికచేయుదురు. నేను చేయను. ఎందుకో ముందు వినగలరు.

పందెములకు దక్షిణదేశమున పేరుపొందిన చోటు షోళవరము. మదరాసునుండి నెల్లూరు వైపునకు వచ్చు పెద్దబాట మీద నున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున విమానములు దిగుటకు వేసిన బాట అది. యుద్ధము ముగిసిన పిమ్మట ఊరక పడియుండెను. 1953లో ఏర్పడిన మదరాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు దానిని పందెములకు వాడుకొనిరి. 1990లో శ్రీపెరుంబుదూరు దాపున ఇరుంగాట్టుకోటలో క్రొత్త పందెపు బాట వచ్చు వరకును షోళవరమే కురుక్షేత్రము. నేను తిరుపతిలో విద్యార్థిగా నుండగా ఒక ఫిబ్రవరి మాసమున మిత్రులతో బస్సులో పోయి చూచితిని. వేలకొలది జనము. అచ్చటివి చాలవరకు కొద్ది చుట్ల వేగపు పందెములే. కాని నా కన్నుల నిలిచినది వేరు. కొందరు పోటీదారులు తాము నిత్యము పనికి పోవు బండిమీదనే వచ్చి, చెట్టునీడను దీపము, అద్దములు, సైలెన్సరు విప్పి గోనెపట్టమీద పెట్టి, పందెములో దిగి, సాయంకాలము వానిని మరల బిగించుకొని, అదే బండిమీద ఇల్లు చేరిరి. ఒక గుమాస్తా మరుసటి ఉదయము కచేరికి పోవలయునని తొందరపడుచు బోల్టులు బిగించుచుండెను. అతనికి వచ్చిన స్థానము ఏడవదో ఎనిమిదవదో. ఆ మొగమున నున్న ప్రసన్నత మొదటివాని మొగమున కానరాలేదు.

ఇంక మా చెరువులోని పందెము సంగతి. 1980 దశకపు నడిమి కరవులలో ఒక వేసవి. కళ్యాణదుర్గము ప్రాంతపు గ్రామమొకటిలో నేను తెలుగు పండితుడనుగా నుంటిని. రెండేండ్లుగా చెరువునకు నీరు రాలేదు. అడుగంతయు ఎండి పగుళ్ళు వారి, గట్టి కళ్ళమువలె నుండెను. పట్టణమునుండి తొమ్మండుగురు యువకులు వచ్చి, ఆ చెరువులో ఉదయము ఆరుగంటలనుండి మధ్యాహ్నము పండ్రెండు వరకు బండ్లు త్రిప్పుదుమని అనుమతి కోరిరి. ఊరి పెద్దరెడ్డిగారికి అప్పటికి డెబ్బదియేండ్లు దాటినవి.

"అంత పెట్రోలు కాల్చి యాడికి పోతారు నాయనా?" అని అడిగెను.

"యాడికీ పోము తాతా, ఈడనే తిరుగుతాము."

"అట్లయితే గానుగే గదా! తిరగండి."

అనుమతి యిచ్చెను గాని మూడు కట్టుబాట్లు పెట్టెను. చెరువు నడుమ ఆడువారు నీరు తోడుకొను చెలమ యొకటి కలదు, దానికి నూరు బారల దూరము విడిచి తిరుగవలయును, దుమ్ము చెలమలో పడరాదు. గొఱ్ఱెల మంద అడ్డము వచ్చిన ఆగవలయును, హారను కొట్టి బెదరింపరాదు. ఎవడైన పడిన, తక్కినవారందరును ఆగవలయును. కరవునాడు చెలమ నీటికంటె ఎక్కువైన పందెమేదియు లేదని ఆ యువకులకును తోచెను. వారే రాళ్ళు పేర్చి చెలమ చుట్టును గిరి గీచిరి.

చుట్టు సుమారు ఒకటిన్నర కిలోమీటరునకు కొంచెము తక్కువ. చుట్ల లెక్క నా పాలికి వచ్చెను. తొమ్మిది మట్టిముంతలు వరుసగా పెట్టించి, ఒక్కొక్క ముంతకు ఒక్కొక్క విద్యార్థిని కూర్చుండబెట్టి, బండి ఎదుటికి వచ్చినప్పుడెల్ల ఒక చింతగింజ వేయించితిని. కాగితముమీద గీతలు గీచిన దుమ్ములో తప్పును. గింజ తప్పదు.

మొదటి రెండు గంటలు క్రొత్త బండి యొకటి అందరికంటె ముందు సాగెను. దానిమీది యువకుడు వంగి, మోచేతులు దగ్గరచేసి, చూచుటకు ఎంతో సొగసుగా నుండెను. మా పిల్లలు ఆ ముంతకు గింజలు చాలవని కేకలు వేసిరి. మూడవ గంటలో ఎండ కాక హెచ్చెను. అతడు ఆగలేదు. ఉన్నట్టుండి బండి కీచుమని అరచి వెనుక చక్రము బిగిసిపోయెను. పిస్టను పట్టుకొన్నది. అతడు దొర్లి మోచేయి చెక్కుకొనెను. పెద్దరెడ్డిగారి మూడవ కట్టుబాటు ప్రకారము అందరును ఆగిరి. గాయము స్వల్పమని తెలిసిన పిమ్మట మరల బయలుదేరిరి. ఆ ముంతలో గింజలు 74 దగ్గర నిలిచినవి.

జావా బండి తెచ్చినవాడు పట్టణమున రిపేరుల కొట్టు పెట్టుకొన్నవాడు. అతని తీరు మా కెవ్వరికిని మొదట నచ్చలేదు. గంటకొకమారు వచ్చి ఆగును. నీరు త్రాగును. చైను మీద వ్రేలు పెట్టి చూచును. ఫిల్టరు విప్పి దులుపును. సిలిండరు రెక్కలమీద చేయి ఉంచి, ఎన్ని లెక్కలలో చేయి తీయవలసివచ్చునో మనసులో ఎంచుకొనును. తక్కినవారు ఎదుటినుండి రయ్యిన పోవుచుండగా ఇతడు రోగి నాడి చూచు వైద్యునివలె కూర్చుండుట చూచి పిల్లలు నవ్విరి. ఆరు గంటలలో అతడాగిన కాలము నేను గడియారము చూచి లెక్కించితిని, మొత్తము 14 నిమిషములు. పండ్రెండు గంటలకు అతని ముంతలో 168 గింజలుండెను. అందరికంటె ఎక్కువ.

రెండవవాడు రాజ్‌దూత్ బండి పాలవాడు. 161 గింజలు. అతడు పోటీకని రాలేదు, పాలు పోసి తిరిగి పోవుచు చూచి చేరినవాడు. బండికి వ్రేలాడు పాల క్యానులు విప్పి గట్టున పెట్టి దిగినాడు. పెట్రోలునకు ఒకమారు, నీటికి ఒకమారు, రెండే మారులు ఆగినాడు. గతుకు ముందు చేయి సడలించి, గతుకు దాటిన పిమ్మట మెల్లగా పెంచెడివాడు. ఎవరు నేర్పిరని అడిగితిని. "పాలు తొణికితే నష్టం నాదే గదా అయ్యవారూ" అనెను. తొమ్మిది బండ్లలో కడవరకు తిరిగినవి అయిదు. అందులో ఒకటి చైను తెగిన పిమ్మట తీగతో కట్టుకొని తిరిగినది. దాని యజమాని కడపటివాడుగా వచ్చి, గెలిచినవానికంటె ఎక్కువ చప్పట్లు పొందెను.

మరియొక విధమైన పందెము కలదు. దీనిని ర్యాలీ యందురు. నిర్వాహకులు త్రోవను వ్రాసి యిత్తురు. ఇన్ని మైళ్ళు గంటకు ఇంత సగటున పోవలయునని నిర్ణయింతురు. ఆ సగటు సామాన్యముగా చట్టము ఒప్పుకొను వేగములోనే యుండును. నడుమ నడుమ గుప్తముగా గడియారములతో మనుష్యులుందురు. వారి యొద్దకు ఆలస్యముగా వచ్చిన తప్పు వేయుదురు, అది సహజమే. ముందుగా వచ్చినను తప్పు వేయుదురు! వేళకు రావలయును, అంతే. తొలిసారి ఈ నియమము విన్న యువకుడెవ్వడును నమ్మడు. తొందరపడినందుకు దండన విధించు పందెమొకటి లోకములో నున్నదని వారికి తెలియదు. నలుని రథములోనే ఋతుపర్ణుడును ఉండెను గదా! తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్క చెప్పగల సంఖ్యాశాస్త్రవేత్త. వేగమెరిగినవాడొకడు, లెక్క యెరిగినవాడొకడు ఒకే రథమున పోవుట ర్యాలీ కాక మరేమి? కడపట ఒకరి విద్య నొకరు మార్చుకొనిరి కూడ.

ఓర్పు పందెములలో నేడు లోకమంతట పేరుగలది డాకార్. 1977లో తియెరీ సబీన్ అను ఫ్రెంచి దేశస్థుడు మోటారు సైకిలు పందెమొకటిలో సహారా ఎడారియందు దారి తప్పి, చావు దప్పి బయటపడెను. అట్టివాడు ఎడారి పేరెత్తుటకే జంకవలయును. ఇతడు మాత్రము పారిసునుండి ఆఫ్రికా పడమటి తీరపు డాకార్ నగరము వరకు సుమారు 10,000 కిలోమీటర్ల పందెమును ఏర్పాటుచేసెను. 1978 డిసెంబరు 26వ తేదీన 182 వాహనములు బయలుదేరెను. గమ్యము చేరినవి 74. మొదటివాడు మోటారు సైకిలుపై వచ్చిన సిరిల్ నెవూ. సబీన్ 1986లో ఆ పందెపు మధ్యనే హెలికాప్టరు కూలి మరణించెను. పందెము 2009లో దక్షిణ అమెరికాకును, 2020లో సౌదీ అరేబియాకును మారినది. మన పొరుగున బెంగుళూరునకు చెందిన సి. ఎస్. సంతోష్ 2015లో ఈ పందెమును పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యెను. వచ్చిన స్థానము 36వది. ఆ అంకెను చూచి పెదవి విరచువారు, ఎన్ని బండ్లు ఎడారిలో మధ్యనే ఆగిపోవునో ఎరుగరు. ఎడారి యెట్లుండునో చూడగోరిన మీరు సౌదీ పోనక్కరలేదు. హగరి యొడ్డున దర్గా హొన్నూరు వద్ద ఇసుక దిబ్బలలో నాలుగడుగులు వేసిన చాలును. అక్కడ బండి చక్రము ఎట్లు కూరుకొనిపోవునో ఆ యూరివారినడుగుడు.

ఇక నేటి మాట. మన సీమ నడుమగా 44వ జాతీయ రహదారి పోవుచున్నది. పూర్వము దానిని 7వ రహదారి అనెడివారు. బెంగుళూరునుండి హైదరాబాదు వరకు అద్దమువలె నున్నది. రాత్రి పది దాటిన పిమ్మట గుంపులుగా యువకులు దానిమీదకెక్కి పందెములు కట్టుచున్నారు. చేతిఫోనులో చిత్రము తీసి స్నేహితులకు చూపుట ఆ పందెపు ఫలము. ఆ వేళ ఆ బాటమీద లారీలుండును, ఎదురు దారిన వచ్చు ట్రాక్టరులుండును, దీపము లేని ఎద్దుబండి యుండును. ఇందులో పెట్రోలు కొలత లేదు, గింజల లెక్క లేదు, పడినప్పుడు తక్కినవారు ఆగవలయునను కట్టుబాటు లేదు. పేరు మాత్రమే పందెము. నేను చదువు చెప్పిన పిల్లల పిల్లలలో ఇద్దరు ఆ బాటమీదనే పోయిరి. ఒకడు ఇంటర్మీడియటు మొదటి సంవత్సరము.

చట్టమేమి చెప్పుచున్నదో గ్రామపెద్దలు తెలిసికొని యుండుట మంచిది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 189వ విభాగము ప్రకారము ప్రభుత్వపు వ్రాతమూలమైన అనుమతి లేనిదే బహిరంగ స్థలమున పందెము కట్టరాదు. 2019లో దానికి శిక్షను హెచ్చించిరి. తొలి తప్పునకు మూడు నెలల వరకు ఖైదు, లేదా 5,000 రూపాయల వరకు జుల్మానా, లేదా రెండును. అదే సవరణలో 199-ఎ యను క్రొత్త విభాగమును చేర్చిరి. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు బండి నడిపి నేరము చేసిన, వాని సంరక్షకునికి లేక బండి యజమానికి మూడేండ్ల వరకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయును. బండి రిజిస్ట్రేషను ఒక సంవత్సరము రద్దు. తండ్రికి తెలియకుండ జరిగినదని, తగిన జాగ్రత్త తీసికొంటినని ఋజువు చేసికొనవలసినవాడు తండ్రియే. బండి తాళపుచెవి మేకునకు వ్రేలాడవేయు ఇండ్లవారు ఈ సంగతి చెవిని వేసికొందురు గాక.

మా గ్రామమున చెరువులోని పందెము కథ విన్న ఏడుగురు కుఱ్ఱవాండ్రు పోయిన వేసవిలో మా యింటికి వచ్చి, అట్టిది మరల జరుపుదుము, మీరు లెక్క చూడుడు, అనిరి. నేను సంతోషముగా ఒప్పుకొంటిని. పంచాయతీవారికిని, రెవెన్యూవారికిని, పోలీసువారికిని అర్జీ నేనే వ్రాసెదనంటిని. వైద్యుడొకడు, వాహనమొకటి సిద్ధముగా నుండవలయును, లైసెన్సు లేనివాడు ముంతల దగ్గర కూర్చుండవలయును అంటిని. అన్నిటికిని తల ఊపిరి. పిమ్మట హెల్మెట్టులు తెచ్చి అరుగుమీద పెట్టుడని అడిగితిని. ఏడుగురికి మూడు వచ్చినవి. అందులో ఒకదానికి పట్టీ లేదు. తక్కినవి తెచ్చుకొని రండని పంపితిని. చింతగింజలు కడిగి ఆరబోసి డబ్బాలో పెట్టించి యున్నాను. నిన్నటి దినమున ఇద్దరు వచ్చి, అయిదు పూర్తియైనవని చెప్పి పోయిరి.